అటక మీద పన్ను

నాకు అనుమానం ఎక్కువ. ఈ మాట ఒప్పుకోవడానికి నాకు అరవై ఆరేళ్ళు పట్టింది. ఎలిమెంటరీ స్కూల్లో ముప్పైనాలుగేళ్ళు పాఠాలు చెప్పాను. లెక్క ఎవడు సొంతంగా చేశాడో, ఎవడు పక్కవాడి పలకలోకి తొంగిచూశాడో మొహం చూసి చెప్పేసేదాన్ని. బడి వదిలింది గానీ ఆ చూపు నన్ను వదల్లేదు. పాలు పోసే ఆయన నవ్వుతూ వస్తే ఇవాళ నీళ్ళు కాస్త ఎక్కువే కలిపాడనుకుంటాను. కరెంటు బిల్లు తక్కువొస్తే వచ్చే నెల రెండూ కలిపి వడ్డిస్తారని ఎదురుచూస్తాను. మా ఆయన పోస్టాఫీసులో పనిచేసి రిటైరయ్యారు, ఎవరినీ అనుమానించరు, అందుకే ఆయనకి తరచూ చిల్లర తక్కువొస్తుంది. "నిన్ను పరలోకంలోకి రానిచ్చినా, ముందు పక్కవాళ్ళకి ఎంత చోటిచ్చేరో చూసొస్తానంటావే నువ్వు" అంటారు నన్ను.

పన్నుల విషయంలో మాత్రం నా అనుమానం ఎప్పుడూ గురి తప్పదని చాలాకాలం అనుకున్నాను. మన మీద ఎంత పన్ను ఉందో తెలుసుకోవాలంటే మా కోనసీమవాళ్ళు పుస్తకాలు చదవక్కర్లేదు, యానాం వెళ్తే చాలు. వంతెన దాటామంటే అటు పుదుచ్చేరివాళ్ళ పాలన. అదే పెట్రోలు, అదే వాసన, పోసే మనిషి కూడా మనవైపు మనిషే, రేటు మాత్రం తక్కువ. మా ఆయన నెలకోసారి "మా చిన్నాన్నగారి అబ్బాయిని చూసొస్తాను" అని స్కూటరు తీసుకుని వెళ్ళి, టాంకు నిండా పోయించుకుని వస్తారు. ఆ చిన్నాన్నగారి అబ్బాయి చనిపోయి చాలా ఏళ్ళయింది. వెళ్ళిరావడానికి కాలిన పెట్రోలు మాటెత్తితే మాత్రం విసుక్కుంటారు.

ఇంటి పన్ను కాగితం ఇంకో చోద్యం. ఇంటికి పన్ను, నీళ్ళకి పన్ను, వీధి దీపాలకి పన్ను, మురుగుకాలవకి పన్ను, అన్నిటి కిందా గ్రంథాలయానికి పన్ను. మా ఊరి గ్రంథాలయం తలుపు నేను రిటైరైన ఏడాది మూశారు, మళ్ళీ తియ్యలేదు. మా గుమ్మం ముందున్న వీధి దీపం మధ్యాహ్నం వెలుగుతుంది, పొద్దుగూకేసరికి ఆరిపోతుంది. వీటన్నిటికీ ఏటా కడుతూనే ఉన్నాను.

తిట్టుకుంటూనైనా కట్టడానికి ఒక కారణం ఉంది. మా తాతగారు ఒకరి దగ్గర పాలేరు. ఆయన పాక ఆసామి పొలం గట్టు మీద ఉండేది. ఆసామికి కోపం వస్తే పాక పీక్కుని పోవాల్సిందే. ఆ పాకకి నంబరు లేదు, పన్నూ లేదు. మిషన్ బడిలో చదివి మేష్టారైన మా నాన్నగారు ఈ పెంకుటిల్లు కట్టి, మొదటిసారి ఇంటి పన్ను కట్టొచ్చిన రోజు ఆ రసీదు తాతగారి చేతిలో పెట్టారట. తాతగారికి చదువు రాదు. అటూ ఇటూ తిప్పి చూసి, కళ్ళకద్దుకుని, బైబిల్లో పెట్టమన్నారట. ఇప్పటికీ అందులోనే ఉంది. అందుకని పన్ను ఎగ్గొట్టడం మా ఇంట్లో లేదు. అన్యాయంగా వేశారనిపిస్తే మాత్రం నాకు ఒళ్ళు మండిపోతుంది.

మా ఇల్లూ పక్కిల్లూ కవలలు. నాన్నగారు, ఆయన తోటి మేష్టారు కలిసి ఒకే తాపీమేస్త్రి చేత ఒకే ఏడాది కట్టించుకున్నారు. అవే గదులు, అవే అరుగులు, అదే అటక. తర్వాత ఆ మేష్టారు రాజమండ్రి వెళ్ళిపోతూ తన ఇల్లు అమ్మేశారు. కొన్నవాళ్ళు అంతర్వేది వైపు నుంచి వచ్చిన చేపలవాళ్ళు. ఇప్పుడు ఆ ఇంట్లో ఉంటున్నది వాళ్ళ కోడలు. నాకంటే పదిహేనేళ్ళు చిన్న. భర్త రొయ్యల చెరువుల మీద కాపలా ఉంటాడు, నెలకోసారి ఇంటికొస్తాడు. కూతురు హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. ఈవిడ ఎండు చేపలు, ఎండు రొయ్యలు బుట్టకెత్తుకుని బస్సెక్కి కొత్తపేట, ముక్తేశ్వరం వెళ్ళి అమ్ముకొస్తుంది.

ఆవిడకి సంతకం పెట్టడం వరకే వచ్చు, చదవడం రాదు. ఇరవై ఏళ్ళుగా ఆవిడ ఇంటికొచ్చిన ప్రతి కాగితం నేనే చదివి పెట్టాను. రేషను కార్డు, బ్యాంకు కాగితాలు, కూతురి హాస్టలు దరఖాస్తు, అన్నీ నా చేతి మీదుగానే వెళ్ళాయి. కాగితం రాగానే తడి చేతులు కొంగుకి తుడుచుకుని పిట్టగోడ దగ్గరికొచ్చి, "టీచరమ్మగారండీ, ఇదేటో ఓసారి సూడండి" అనేది. నేను కళ్ళజోడు పెట్టుకునేదాన్ని. చదివి చెప్పాక ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెట్టేది. అలా నన్ను నమ్మే మనిషి నాకు ఈ ఊళ్ళో ఇంకొకరు లేరని అప్పట్లో నాకు తట్టలేదు.

ఇక అటక సంగతి. ముదురు కొబ్బరికాయలు పీచుతో సహా అటక మీద పోసి, ఇంచుమించు ఏడాది కదపకుండా వదిలేస్తే లోపలి నీళ్ళు ఇంకిపోతాయి. కొబ్బరి చిప్పని వదిలేసి ఊడుతుంది, కాయ ఊపితే లోపల గుడగుడమంటుంది. అదే కురిడీ. మామూలు కాయ కంటే దానికి ధర ఎక్కువ. మా పెరటి చెట్ల కాయల్లో మంచివి ఏటా అటకెక్కుతాయి. మా నాయనమ్మ పెట్టిన కట్టడి ఒకటుంది. కాయ అటక మీద ఉన్నన్నాళ్ళూ బయటివాళ్ళు ఎక్కకూడదు, ఎక్కితే కాయ కుళ్ళుతుంది. ఆదివారం చర్చికి వెళ్ళేవాళ్ళం కాబట్టి దిష్టి అనే మాట మా ఇంట్లో పైకి అనం. తాళం మాత్రం వేస్తాం. ఆ తాళంచెవి నా దగ్గరే ఉంటుంది.

రెండేళ్ళ కిందట వేసవిలో ఇళ్ళ కొలతలంటూ ఇద్దరు వచ్చారు. ఒకాయన మా ఊరి బిల్ కలెక్టరు, ఎన్నో ఏళ్ళుగా పన్ను వసూలుకొచ్చే మనిషి. రెండో ఆయన కొత్త. ఒక చేతిలో టేపు, ఇంకో చేతిలో ఫోను.

"ఇకనించి ఇంటి విలువని బట్టి పన్నండి" అన్నాడు బిల్ కలెక్టరు.

"విలువ కట్టేదెవరండి?" అన్నాను.

"కంప్యూటరు కడతాదండి."

ఆ ఒక్క మాటతో నాకు గుండెలో గంట మోగింది. అయినా గుమ్మంలోకి వచ్చినవాళ్ళని ఊరికే పంపడం మా వైపు లేదు, పన్ను వెయ్యడానికి వచ్చినా సరే. మజ్జిగ ఇచ్చాను. తాగి, గదులన్నీ కొలిచారు. బయటికొచ్చాక కొత్తాయన తలెత్తి, కప్పు కింద త్రికోణంలో ఉన్న చెక్క కిటికీ వంక చూశాడు.

"పైన ఏముందండి?"

"అటకండి."

"ఓసారి చూడాలండి."

"కురిడీ పోసేమండి. బయటివాళ్ళు ఎక్కకూడదు."

"ఒక ఫోటో తీసుకుని దిగిపోతానండి."

"ఎక్కకూడదంటన్నాను కదండి."

అది కొబ్బరి ధర బాగున్న ఏడాది. ఈయన పైకెక్కి కాయలు ఫోటో తీసి, వాటి మీద కూడా ఏదో పన్ను పట్టుకొస్తాడని నాకు గట్టి అనుమానం. నాయనమ్మ కట్టడిని అడ్డం పెట్టుకున్నాను గానీ అసలు భయం అదీ. కొత్తాయన తాళం వంక, నా వంక మార్చి మార్చి చూశాడు. "పోన్లెండి, టీచరుగారు అబద్ధం చెప్తారేటండి" అని బిల్ కలెక్టరు ఆయన్ని బయటికి తీసుకుపోయాడు. ఇద్దరూ రోడ్డు మీద నిలబడి, మా కిటికీని చూస్తూ ఫోనులో ఏదో నొక్కుకున్నారు.

తర్వాత పక్కింటికి వెళ్ళారు. నేను మొక్కలకి నీళ్ళు పోస్తున్నట్టు పిట్టగోడ దగ్గర నిలబడ్డాను. ఎండలో మొక్కలకి నీళ్ళెవరు పోస్తారు? లోపల నవ్వులు వినిపించాయి. మా ఇంట్లో పట్టినంత సేపు కూడా పట్టలేదు, బయటికొచ్చేశారు. బిల్ కలెక్టరు చేతిలో ఒక కాగితం పొట్లం ఉంది. దాన్ని ఆయన సంచిలోకి దూర్చడం నేను కళ్ళారా చూశాను.

వానలు పడ్డాక పన్ను కాగితాలు వచ్చాయి. మాకు అంతకుముందు కట్టినదానికి రెట్టింపు దాటింది. ఎలా వేశారో ఒక్క ముక్క లేదు. గడువులోగా కట్టకపోతే కుళాయి తీసేస్తామని మాత్రం కింద స్పష్టంగా ఉంది. కాగితం చేత్తో పట్టుకుని ఇంకా అరుగు మీదే ఉన్నాను, పక్కింటావిడ తన కాగితం తీసుకుని గోడ దగ్గరికొచ్చింది.

"టీచరమ్మగారండీ, ఎంతేసేరో సూడండి."

చూశాను. పాతదాని మీద కాస్త పెంచారు, అంతే. మాకు పడినదాంట్లో సగం కూడా లేదు.

"కొంచెమే పెరిగింది" అన్నాను.

"పోన్లెండి, బతికేను" అని వెళ్ళిపోయింది.

ఒకే మేస్త్రి, ఒకే ఏడాది, ఒకే కొలత. నాకు ఇంత, ఆవిడకి అంత. నా కళ్ళ ముందు ఆ పొట్లం తిరిగింది. మా ఆయనకి చెప్తే, "పక్కనే ఉంది కదే, పిలిచి అడుగు. నీకెలా తగ్గిందమ్మా అంటే చెప్తాది" అన్నారు. అడగొచ్చు. అడగలేదు. నిజం చెప్తుందన్న నమ్మకం నాకు కలగలేదు. లంచం పెట్టినవాళ్ళు పెట్టామని చెప్తారా? పైగా ఆ రోజు లోపలి నుంచి నవ్వులు కూడా విన్నాను కదా!

పంచాయతీ ఆఫీసుకి వెళ్తే బిల్ కలెక్టరు నా మొహం చూడకుండా, "మా చేతిలో లేదండి, పైనించి అలాగే వచ్చిందండి. ఓ అర్జీ పెట్టుకోండి" అన్నాడు. నా మొహం చూడలేదంటే తప్పు చేశాడనే కదా అనుకున్నాను.

ఇంటికొచ్చి అర్జీ రాశాను. మూడు చిత్తు కాగితాలు చించాక కుదిరింది. అందులో మాటలు నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. "మా ఇల్లును, పక్కనున్న ఇల్లును ఒకే మేస్త్రి ఒకే సంవత్సరమున నిర్మించినాడు. పై నుండి క్రింది వరకు ఈ రెండు ఇండ్లకు ఏ విషయములోను తేడా లేదు. అయినను మాకు రెట్టింపు పన్ను, వారికి స్వల్పముగా పన్ను నిర్ణయింపబడినది. వారికి ఏ విధముగా తగ్గింపబడినదో విచారించి న్యాయము చేయగలరు." పక్కింటి డోరు నంబరు కూడా వేశాను. 'ఏ విధముగా' అన్న చోట పెన్ను కాస్త గట్టిగా నొక్కాను. అక్కడ ఏదో గొప్పగా రాశానని కూడా అనుకున్నాను.

పంచాయతీ కార్యదర్శి కొత్తగా వచ్చిన మనిషి. చదివి, "అక్షరం చాలా బాగుందండి, ముత్యాల్లా ఉంది. విచారిస్తామండి" అన్నారు. నాకు వేసింది నేను కట్టేశాను, కుళాయి పోతుందని. తర్వాత కొన్ని నెలలు ఎవరూ ఏమీ మాట్లాడలేదు. మా ఆయన ఎప్పటిలాగే చనిపోయిన చుట్టాన్ని చూడ్డానికి యానాం వెళ్ళొస్తున్నారు.

ఒక ఉదయం పక్కింటావిడ రెండు బిందెలు తీసుకుని మా వాకిట్లోకొచ్చింది.

"మా కుళాయి రావట్లేదండి. రెండు బిందెలు పట్టుకోనాండి?"

"ఆయ్, పట్టుకో" అన్నాను.

రెండు నాలుగయ్యాయి, నాలుగు ఎనిమిదయ్యాయి. చేపలు కడగాలంటే నీళ్ళు మామూలుగా పట్టవు. ఆరు రోజులు చూశాను. బాగు చేయించుకుంటే డబ్బులవుతాయని మా కుళాయి మీద పడిందని నాకు అనుమానం. ఏడో రోజు ఆవిడ బిందె కింద పెట్టగానే, "ప్లంబరుని పిలిపించుకోకూడదా?" అన్నాను. నా గొంతులో ఉన్న పుల్లదనం నాకే తెలిసింది.

ఆవిడ కుళాయి కట్టేసింది. "కుళాయి పాడవలేదండి. పంచాయతీవోళ్ళు కోసేసేరండి. పన్ను కట్టలేదని."

"కట్టావు కదా. రసీదు నేనే చదివాను."

"అది పాతదండి. మళ్ళీ ఏసేరండి. మీకు ఏసినంత ఏసేరండి. అంత నా దగ్గర లేదండి."

"ఎప్పుడు?"

"మూడు వారాలైందండి కాయితం ఒచ్చి."

మూడు వారాలు. ఇరవై ఏళ్ళలో ఒక కాగితం నా దగ్గరికి రాకుండా ఆ ఇంట్లో మూడు వారాలు ఉండడం అదే మొదటిసారి. పాలవాడి నవ్వులో కూడా తప్పు వెతికే నాకు, ఇది కనిపించలేదు. ఆవిడ వాళ్ళింట్లోకి వెళ్ళి ఒక ప్లాస్టిక్ కవరు పట్టుకొచ్చింది. అందులోంచి ముందు పన్ను నోటీసు తీసింది. దాని వెనక మడతపెట్టిన ఒక జెరాక్సు కాగితం.

"ఎందుకు పెంచేరండీ అని అడిగితే, ఇదిగో దీన్ని బట్టి పెంచేం అని ఇది ఇచ్చేరండి. నాకు సదవడం రాదు కదండి. అక్షరం మటుకు తెలుస్తాదండి. మా పిల్ల హాస్టలు కాయితం మీద కూడా ఇదే అక్షరమండి." కాగితం నా ముందు పెట్టింది. "ఏటి రాసుందో సదివి సెప్తారేటండి?"

నేను కళ్ళజోడు పెట్టుకున్నాను. పెట్టుకోకుండా ఎలా ఉండగలను? ఇరవై ఏళ్ళ అలవాటు. నేను రాసిన అర్జీని నేనే, ఎవరి మీద రాశానో ఆవిడకే, మొదటి నుంచి చివరిదాకా పైకి చదివాను. బడిలో పాఠం చదివినట్టు మొదలుపెట్టాను గానీ 'ఏ విధముగా' దగ్గరికొచ్చేసరికి గబగబా చదివేశాను. ఆవిడ అరుగంచు మీద కూర్చుని శ్రద్ధగా వింది.

"ఏ ఇధముగా తగ్గిందో అంటే ఏటండి?"

"లంచం పెట్టావని" అన్నాను. నీళ్ళు నమలడం ఇష్టం లేకపోయింది. "నువ్వు వాళ్ళకేదో ఇచ్చి తగ్గించుకున్నావని అనుకున్నాను. అలా రాశాను."

ఆవిడ ఆ జెరాక్సు కాగితం మళ్ళీ మడతపెడుతూ, "అటకెక్కించేనండి, అంతే. పైనంతా ఎండు చేపల బుట్టలు కదండి. ఆ టేపాయన తల లోపలెట్టేడండి, ముక్కు మూసుకుని గమ్మున దిగొచ్చేసేడండి. నేనూ బిల్లు కలెక్టరుగారూ ఒకటే నవ్వు. ఉట్టి అటకే అని రాసుకున్నారండి" అంది.

"మరి పొట్లం?"

"ఎండు రొయ్యలండి. బిల్లు కలెక్టరుగారు ఇంట్లోకి కావాలంటే కట్టిచ్చేను. డబ్బులిచ్చేరండి, పుచ్చుకున్నాను." లేచి బిందె చంకనెత్తుకుంది. "మీరు గోడ కాడే ఉన్నారు కదండి అప్పుడు. అడిగితే సెప్పేదాన్ని కదండి."

గొంతు పెంచలేదు. అండీ అనడం ఒక్కసారి కూడా మానలేదు. తిట్టిపోసి ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది. మా ఆయన లోపల్నించి అంతా విన్నారు. భోజనం దగ్గర మజ్జిగ గిన్నె నా వైపు జరిపారు, అంతే.

మర్నాడు పొద్దున్నే ఆఫీసుకి వెళ్ళాను. కార్యదర్శి కుర్చీ చూపించి, ఫైలు తీయించారు.

"మీరే రాసేరు కదండి, పైనించి కింద దాకా తేడా లేదని. మీది రెండంతస్తులని ఉంది, ఆవిడది ఒకటే అని ఉంది. మీరు టీచరుగారు, మీ మాట కాదంటామేటండి? ఆవిడది కూడా రెండు చేసేం."

"మాకు రెండో అంతస్తు ఎక్కడుందండి? పెంకుటింటికి అంతస్తులేమిటండి?"

"కొలవడానికెళ్ళినోళ్ళకి పైభాగం చూపించలేదని ఉందండి. కిటికీ ఉంది, లోపల చూడనివ్వలేదు. అలాంటప్పుడు గది ఉన్నట్టు రాసుకుంటారండి."

"వెళ్ళి చూడకుండా ఆవిడకి ఎలా పెంచేశారండి? కుళాయి కూడా కోసేశారే!"

"మీరు సమానం చెయ్యమన్నారండి. చేసేం."

ఆయన వెటకారంగా అనలేదు. నిజంగానే పని పూర్తి చేశామన్న తృప్తితో అన్నారు. అది ఇంకా మండింది. రెండిళ్ళకి తేడా లేకుండా చెయ్యమంటే, ఎక్కువున్నదాన్ని తగ్గించడం కూడా ఒక దారేనని ఆ ఆఫీసులో ఎవరికీ తోచలేదు. పెంచడానికి కుర్చీలోంచి లేవక్కర్లేదు, తగ్గించడానికి మాత్రం నిచ్చెనెక్కి చూడాలి. ఇదంతా ఆయన మొహం మీదే అనేశాను. "మీరన్నది నిజమేనండి. ఇంకో అర్జీ పెట్టండి" అన్నారు.

నిచ్చెన ఎక్కుతామని వచ్చినవాళ్ళని ఆపింది ఎవరో ఆయన అడగలేదు. మర్యాదస్తుడు.

ఆ సాయంత్రం రెండు అర్జీలు రాశాను. ఒకటి నాది. పక్కింటి లోపల చూడకుండా, అనుమానం మీద, పొరపాటుగా రాశానని అందులో ఒప్పుకున్నాను. ముప్పైనాలుగేళ్ళు పిల్లల చేత తప్పులు దిద్దించినదాన్ని, ఆ ఒక్క వాక్యం రాయడానికి నాకు చాలాసేపు పట్టింది. రెండోది ఆవిడ తరఫున. పిట్టగోడ దగ్గరికి పిలిచి సంతకం పెట్టమని పెన్ను ఇచ్చాను. ఆవిడ పెన్ను తీసుకుంది గానీ సంతకం పెట్టలేదు.

"ఓసారి సదవండి."

చదివాను.

"ఇంకోసారి సదవండి."

మళ్ళీ చదివాను. ప్రతి మాట దగ్గరా నా పెదాలనే చూస్తూ వింది. ఎవరినైనా నేను చూసే చూపది. అప్పుడు సంతకం పెట్టింది.

పది రోజులకి ఆ ఇద్దరే మళ్ళీ వచ్చారు. నేను అటక తాళం తీశాను. నిచ్చెన పాతది, ఒక పక్కకి ఒరుగుతుంది. నేను పిలవకుండానే పక్కింటావిడ వచ్చి అడుగున గట్టిగా పట్టుకుంది. కొత్తాయన ఎక్కి, కాయల మధ్య వంగి కూర్చుని ఫోటోలు తీశాడు. ఒక కాయ చెవి దగ్గర పెట్టుకుని ఊపి, "గుడగుడమంటందండోయ్" అని సంబరపడ్డాడు. వాటి మీద ఏ పన్నూ వెయ్యలేదు. ఆ ఏడాది ఒక్క కాయ కూడా కుళ్ళలేదు. మామూలు కంటే మంచి ధరకే అమ్ముడుపోయాయి.

రెండు నెలలకి రెండిళ్ళకీ పన్ను తగ్గింది. ఆవిడ కుళాయి తిరిగి పెట్టారు. నేను ఎక్కువ కట్టింది వచ్చే ఏడాది సర్దుతామన్నారు, నేను నమ్మలేదు. కొత్త రసీదు పట్టుకొచ్చి, నాన్నగారి రసీదు పక్కన పెడదామని బైబిలు తెరిచాను. ఆ పాత కాగితాన్ని తాతగారు కళ్ళకద్దుకున్నారు. దాని పక్కన దీన్ని పెట్టబుద్ధి కాలేదు. బీరువా సొరుగులో పడేశాను.

ఆవిడ నన్ను ఎప్పుడూ ఏమీ అనలేదు. బస్సుకి వెళ్తూ, "బాగున్నారాండి?" అంటుంది. "ఆయ్, బాగున్నాం" అంటాను. పండక్కి పిండివంటలు పంపితే గిన్నె కడిగి, ఖాళీగా కాకుండా నాలుగు ఎండు నెత్తళ్ళు వేసి తిరిగిస్తుంది. చూసేవాళ్ళకి ఏ తేడా కనిపించదు. కాగితాలు మాత్రం గోడ దగ్గరికి రావడం లేదు. ఆ ఇంటికి ఈ మధ్య కాగితాలే రావడం లేదేమోనని మొదట్లో సరిపెట్టుకున్నాను.

మొన్న పొద్దున అరుగు మీద కూర్చుని పేపరు చదువుతున్నాను. పోస్టుమాన్ ఆవిడకి ఏదో బ్యాంకు కవరు ఇచ్చి వెళ్ళాడు. ఆవిడ చించి, కాగితం తీసి, అటూ ఇటూ తిప్పి చూసింది. నేను పేపరు పక్కన పెట్టాను. కళ్ళజోడు ముక్కు మీదే ఉంది. ఆవిడ గేటు దగ్గరే నిలబడింది. చాలాసేపు నిలబడింది. చివరికి బిల్ కలెక్టరు సైకిలు మీద అటుగా వస్తే ఆపింది.

"ఏవండీ, ఇదేటో ఓసారి సూసి సెప్తారేటండి?"

ఆయన కాగితం తీసుకుంటూ నా వైపు చూశాడు. "టీచరుగారు ఇక్కడే ఉన్నారు కదండి?"

"ఆవిడికి కళ్ళు నెప్పులంటండి ఈ మజ్జన" అంది ఆవిడ, నాకు వినపడేలాగే, ఎంతో మర్యాదగా. "ఎందుకండి పాపం, ఆవిడికి సెరమ."

నా కళ్ళకి ఏమీ కాలేదు. కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నాను.